ఆలోచనను పరీక్షించే విద్య మన పిల్లలకు తెలుగులో అందాలి

సంపాదకులకు నమస్కారం.

ఇంటర్మీడియట్ ఫలితాల రోజులు దగ్గరపడుతున్న సందర్భంగా విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై మీ పత్రిక ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. కుంగుబాటు గురించి దాచుకోకుండా మాట్లాడాలనీ, అవసరమైతే వైద్యుణ్ణి కలవాలనీ ఆ వ్యాసం చెప్పినందుకు సంతోషం కలిగింది. అయితే అందులో కాగ్నిటివ్ థెరపీని పరిచయం చేసిన తీరు మాత్రం నన్ను కలవరపెట్టింది. చెడు ఆలోచనలను మనసులోంచి తరిమేసి వాటి చోట మంచి ఆలోచనలు నింపుకునే పద్ధతి అని దాన్ని రెండు వాక్యాల్లో తేల్చేశారు. ఒక జిల్లా కేంద్రంలోని ఆసుపత్రిలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తూ ఈ పద్ధతినే రోజూ వాడుతున్నదాన్ని కనుక, అది అలాంటిది కాదని వివరించడం నా బాధ్యతగా భావించి ఈ ఉత్తరం కొంచెం పొడవుగానే రాస్తున్నాను.

మా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది ఆ సలహాను అప్పటికే విని, పాటించి, ఫలితం లేక వచ్చినవారే. పాజిటివ్‌గా ఆలోచించమని అమ్మానాన్నలు చెప్పి ఉంటారు, లెక్చరర్లు చెప్పి ఉంటారు, యూట్యూబ్ వీడియోలూ చెప్పి ఉంటాయి. పొద్దున్నే లేచి 'నేను సాధించగలను' అని పదిసార్లు అనుకోమంటే అనుకున్నారు. రాత్రయ్యేసరికి మళ్లీ అదే గుండెబరువు. దాంతో 'నాకు పాజిటివ్‌గా ఆలోచించడం కూడా చేతకాదు' అనే కొత్త నింద పాతవాటికి తోడవుతుంది. కుంగిపోయిన మనిషి తాను నమ్మని మాటను ఎన్నిసార్లు చెప్పుకున్నా అది మనసుకు ఎక్కదు. కాగ్నిటివ్ థెరపీ అలాంటి పని చేయమని అడగదు. మనసులో మెదిలిన మాట నిజమేనా, నిజమైతే ఎంతవరకు, దానికి ఆధారాలేమిటి, మనం చూడకుండా వదిలేసినవి ఏమైనా ఉన్నాయా అని విచారించడం నేర్పుతుంది. విచారణలో ఆ మాట చాలావరకు నిజమేనని కూడా తేలవచ్చు. అలా తేలినప్పుడు ఆ నిజాన్ని కప్పిపుచ్చం; దాన్ని పట్టుకునే తరువాత ఏం చేయాలో ఆలోచిస్తాం.

ఈ పద్ధతి ఎలా పుట్టిందో తెలుసుకుంటే ఈ సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. ఆరన్ బెక్ (1921–2021) అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన సైకియాట్రిస్టు. ఆయన శిక్షణ పొందింది అంతర్మనస్సును విశ్లేషించే ఫ్రాయిడ్ సంప్రదాయంలో. మనిషి ఇతరుల మీద ఉన్న కోపాన్ని తనపైకే తిప్పుకోవడం వల్ల కుంగుబాటు వస్తుందని ఆ సంప్రదాయం చెప్పేది. దాన్ని శాస్త్రీయంగా రుజువు చేయాలనే ఉద్దేశంతోనే బెక్ తన రోగుల కలలను పరిశీలించడం మొదలుపెట్టారు. ఆ కలల్లో ఆయన వెతికిన కోపం కనిపించలేదు. ఓటమి, నష్టం, తిరస్కారం కనిపించాయి. మరోవైపు చికిత్స గదిలో ఒక స్త్రీ తన జీవితంలోని సంగతులు చెబుతూ బాగా ఆందోళన పడుతుంటే ఆయన కారణం అడిగారు. తాను చెబుతున్న విషయం వల్ల కాదు, డాక్టరుకు తన మాటలు విసుగు తెప్పిస్తున్నాయేమోనన్న అనుమానం వల్ల ఆమె అంత అవస్థ పడుతోందని తెలిసింది. పైకి చెప్పే మాటల వెనుక, చెప్పేవారికే సరిగా పట్టుబడకుండా, మరో మాటల వరస నడుస్తూ ఉంటుందని ఆయన అలా గమనించారు. కుంగిపోయినవారిలో ఆ వరస ఎప్పుడూ మూడు దిక్కులకే పోతుంటుంది: నేను పనికిరానివాణ్ణి, లోకం నాకు అనుకూలం కాదు, ఇక ముందు కూడా ఇంతే. ఆ పరిశీలనలను ఆయన 1963లో ప్రచురించారు. అంతకు కొన్నేళ్ల ముందే న్యూయార్క్‌లో ఆల్బర్ట్ ఎల్లిస్ అనే సైకాలజిస్టు వేరే దారిలో దాదాపు ఇదే చోటుకు చేరుకున్నారు. 1977లో 41 మంది కుంగుబాటు రోగులపై జరిగిన పరీక్షలో కాగ్నిటివ్ థెరపీ, ఆనాడు ప్రామాణికంగా వాడుతున్న ఇమిప్రమిన్ మందుతో సరితూగడమే కాక దానికంటే మెరుగైన ఫలితాలు ఇచ్చింది. కుంగుబాటుకు మాటల చికిత్సను మందుతో పోల్చి పరీక్షకు నిలబెట్టడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. ఆ తరువాత వందలాది పరీక్షలు జరిగాయి. ఆందోళన, పానిక్, చాదస్తంలా అదేపనిగా చేతులు కడుక్కోవడం వంటి సమస్యలకూ ఈ పద్ధతిని విస్తరించారు.

ఇది ఎలా నడుస్తుందో ఒక ఉదాహరణతో చెబుతాను. ఇది ఏ ఒక్కరి కథా కాదు; చాలామంది దగ్గర విన్న మాటలను కలిపి, ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా రాస్తున్నాను. ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదివిన ఒక అమ్మాయి ఫిజిక్స్‌లో తప్పింది, మిగిలినవన్నీ పాసైంది. ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచీ గది దాటి బయటకు రావడం లేదు, అన్నం సరిగా తినడం లేదు, స్నేహితురాళ్లు ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. తల్లి వెంటబెట్టుకుని తీసుకువచ్చింది. 'ఎలా ఉందమ్మా?' అని అడిగితే, 'ఏం లేదు మేడమ్, నేను దేనికీ పనికిరాను' అంది.

ఆ మాటకు నేను 'అలా అనకూడదమ్మా, నువ్వు చాలా తెలివైన పిల్లవి' అంటే ఆ సంభాషణ అక్కడితో ఆగిపోతుంది, ఎందుకంటే ఆ మాట ఇంట్లో అందరూ అనేశారు. దానికి బదులుగా ఒక తెల్లకాగితం తీసుకుని నిలువుగీతలు గీస్తాం. మొదటి గడిలో జరిగిన సంగతి మాత్రమే, పక్కన నిలబడ్డ మరో మనిషికి కూడా కనిపించేంత మేరకే రాయాలి: 'ఫోన్‌లో రిజల్ట్ తెరిచి ఫిజిక్స్ ఎదురుగా ఫెయిల్ అని చూశాను.' రెండో గడిలో అప్పుడు కలిగిన భావం, అది నూటికి ఎంత: దుఃఖం 90, భయం 80. మూడో గడిలో ఆ క్షణంలో మనసులో మెదిలిన మాటలు. ఇది రాయడమే కష్టం, ఎందుకంటే ఆ మాటలు రెప్పపాటులో వచ్చి పోతాయి, మిగిలేది బాధ ఒక్కటే. 'ఫెయిలైతే ఏమవుతుందని అనిపించింది? అయితే ఏమిటి? ఆ తరువాత?' అని నెమ్మదిగా అడుగుతూ పోతే ఒక్కొక్కటే బయటపడతాయి. ఇంక ఇంజినీరింగ్ సీటు రాదు. చుట్టాలు నవ్వుకుంటారు. నాన్న నా ముఖం చూడరు. నేను దేనికీ పనికిరాను. వీటిలో ఏది ఎక్కువ బాధపెడుతోందో దాని కింద గీత గీయమంటే, ఆ అమ్మాయి మొదట అన్న మాట కింద గీయలేదు. 'నాన్న నా ముఖం చూడరు' అన్నదాని కింద గీసింది. తెలివితేటల గురించి చుట్టూ ఉన్నవారు చెప్పిన ఓదార్పు ఎందుకు పనిచేయలేదో అప్పుడు అర్థమవుతుంది.

ఆ తరువాత ఆ ఒక్క మాటకు ఆధారాలు వెతుకుతాం. అనుకూలంగా ఉన్నవే ముందు రాయిస్తాం, ఎందుకంటే ఆ అమ్మాయి అబద్ధం ఆడడం లేదు. ఫలితాలు వచ్చిన రోజు నాన్న ఒక్క మాటా మాట్లాడలేదు. చొక్కా వేసుకుని బయటకు వెళ్లిపోయారు. సరే, అది రాస్తాం. ఆ రాత్రి ఏం జరిగింది? భోజనానికి రమ్మని రెండుసార్లు పిలిచారు. మర్నాడు? సప్లిమెంటరీకి ఫీజు కట్టడానికి ఆఖరు తేదీ ఎప్పుడో కనుక్కోమని అమ్మతో అన్నారు. ఆ మాట తలుపు అవతలి నుంచి వినబడింది. ఇవన్నీ ఆ అమ్మాయికి తెలిసినవే, కాని లెక్కలోకి రాలేదు. ఖర్చులన్నీ తారీఖులతో సహా రాసుకుని జమలు రాయడం మానేసిన పద్దుపుస్తకంలో అప్పు తప్ప ఏం కనిపిస్తుంది? 'నాన్న మాట్లాడకపోవడానికి ఇంకేదైనా కారణం ఉండవచ్చా?' అని అడిగితే చాలాసేపు ఆలోచించి, 'ఆయనకీ ఏం మాట్లాడాలో తెలియలేదేమో' అంది. ఆ మాట నేను చెప్పి ఉంటే అది నా అభిప్రాయంగానే మిగిలేది. తానే చెప్పింది కనుక, తానే సరిచూసుకోవడానికి సిద్ధపడింది.

సరిచూసుకోవడమంటే అడిగి తెలుసుకోవడమే. అడిగేముందు ఏమవుతుందని అనుకుంటున్నదో కాగితం మీద రాయిస్తాం: 'నాన్న అరుస్తారు, 80 శాతం.' ఇంటికి వెళ్లి అడిగాక జరిగింది దాని పక్కన రాయాలి. ఇలాంటి సందర్భాల్లో తండ్రులు చెప్పేది తరచు ఒకటే: ఏదైనా అంటే పిల్ల ఇంకా ఏడుస్తుందని భయపడి ఊరుకున్నాం. అందరు తండ్రులూ అలా చెప్పరు. కొందరు నిజంగానే అరుస్తారు, అప్పుడు తండ్రిని కూడా పిలిచి మాట్లాడవలసి వస్తుంది. ఈ అమ్మాయి కాగితం చివరి గడిలో రాసుకున్న వాక్యాలివి: 'ఫిజిక్స్‌లో తప్పాను. నాన్న బాధపడ్డారు. కాని నన్ను వదిలేయలేదు. సప్లిమెంటరీ రాయాలి.' దుఃఖం 90 నుంచి 50కి దిగింది. ఈ నాలుగు వాక్యాల్లో తియ్యటి మాట ఒక్కటి కూడా లేదని పాఠకులు గమనించాలి. మిగిలిన 50 గురించి కంగారుపడవలసిన పని కూడా లేదు. పరీక్ష తప్పిన పిల్లకు బాధ ఉంటుంది, ఉండాలి కూడా. అన్నం తిననివ్వని బాధ, పుస్తకం పట్టుకోనిచ్చే బాధగా మారడమే ఇక్కడ మనకు కావలసింది.

ఇటువంటి వంకర తర్కాలకు బెక్, ఆయన దగ్గర చదువుకున్న డేవిడ్ బర్న్స్ పేర్లు పెట్టి వర్గీకరించారు. ఆ జాబితా ఇక్కడ ఏకరువు పెట్టను. మన ఇళ్లలో అన్నిటికంటే ఎక్కువగా వినిపించేది ఎదుటివారి మనసులో ఏముందో మనకు ముందే తెలుసనుకోవడం. 'నలుగురూ ఏమనుకుంటారు' అన్న మాట వినకుండా తెలుగింట్లో ఎవరూ పెరగరు. ఆ నలుగురు ఎవరో పేర్లు చెప్పమని అడిగితే, మేనత్త ఒకరు, ఎదురింటివాళ్లు, పదో తరగతిలో కలిసి చదివిన ఒక అబ్బాయి, ఇంకొకరు గుర్తురారు. వారు ఏమన్నారు? ఇంకా ఏమీ అనలేదు. పోయిన ఏడాది మీ వీధిలో ఎవరి పిల్లలు ఫెయిలయ్యారో, దాని గురించి నువ్వు ఎంతసేపు ఆలోచించావో గుర్తుందా అని అడిగితే సమాధానం ఉండదు. ఈ ఒక్క ప్రశ్న చాలామందికి ఊపిరి తీసుకునే చోటు ఇస్తుంది.

మరో తర్కం, అంతా లేదా శూన్యం అనేది. ఐఐటీ లేకపోతే ఏదీ లేదు, ఎంబీబీఎస్ సీటు రాకపోతే బతుకే లేదు. ఇది ఆ పిల్లల బుర్రలో ఊరికే పుట్టిన వక్రత కాదని నేను గట్టిగా చెప్పదలచుకున్నాను. వారం వారం పరీక్ష పెట్టి, మార్కులను బట్టి సెక్షన్లు మార్చి, పై సెక్షన్‌కు ఒక లెక్చరరునూ కింది సెక్షన్‌కు మరొకరినీ పంపి, ర్యాంకుల ఫొటోలతో ఊరంతా ఫ్లెక్సీలు కట్టే చోట పదహారేళ్ల పిల్లవాడు తన విలువ తన ర్యాంకేనని అనుకుంటే, అతడు తనకు చూపించినదాన్నే నమ్ముతున్నాడు. ఉదయం తరగతిలో ఆ తర్కాన్ని నూరిపోసి, సాయంత్రం కౌన్సెలర్‌ను పిలిపించి దాన్ని సరిచేయమనడం ఆ కౌన్సెలర్‌కూ ఆ పిల్లవాడికీ కూడా అన్యాయం. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఒక విద్యార్థిని మరణంపై ఆమె తండ్రి వేసిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న ఇచ్చిన తీర్పు ఈ సంగతిని గుర్తించింది. వందమంది గాని అంతకు మించి గాని విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ గాని, సైకాలజిస్టు గాని, సామాజిక కార్యకర్త గాని కనీసం ఒకరు ఉండాలని ఆదేశించడంతో పాటు, మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయడం, అందరి ముందూ అవమానించడం, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టడం సంస్థలు వీలైనంతవరకు మానుకోవాలని చెప్పింది. మొదటి ఆదేశాన్ని కాగితం మీద ఒక పేరు చూపించి నెరవేర్చినట్టు కనిపించడం సులువు. రెండోదాన్ని అమలుచేస్తే మొదటిదాని మీద సగం భారం తగ్గుతుంది.

ఇక్కడే ఒక హెచ్చరిక చేయాలి. బాధపెట్టే ప్రతి ఆలోచనా వక్రమైనదేనని ఎవరైనా అనుకుంటే ఈ చికిత్స హింసగా మారుతుంది. భర్త చేత దెబ్బలు తింటున్న స్త్రీ 'ఈ ఇంట్లో నాకు భద్రత లేదు' అంటే అది నిజం. ఆ ఆలోచనను మార్చుకోమని చెప్పేవారు చికిత్సకులు కారు. ఆమెకు ముందు కావలసింది 181 మహిళా హెల్ప్‌లైను, తలదాచుకునే చోటు, చట్టం. అదే స్త్రీ 'నేను సరిగ్గా ఉంటే ఆయన కొట్టేవాడు కాదు' అన్నప్పుడు, ఆ మాటను మాత్రం కాగితం మీద పెట్టి పరీక్షించాలి. కౌలురైతు 'ఈ ఏడాది అప్పు తీర్చలేను' అంటే అది లెక్క, దానితో వాదించకూడదు. పంట బీమా, అప్పు వాయిదా, వడ్డీ వంటి విషయాల్లో దారి చూపగలవారి దగ్గరకు తోడు వెళ్లాలి. 'నేను లేకపోతే ఇంటివాళ్లకు బరువు తగ్గుతుంది' అన్నాడా, ఇక ఆ క్షణం నుంచి అతణ్ణి ఒంటరిగా వదలకుండా, ఇంట్లోవారికి చెప్పి, వైద్యుడి దగ్గరకు చేర్చి, ఆ మాట ఎంత తప్పో అతని పిల్లల ముఖాలు గుర్తుచేసుకుంటూ అతనే చెప్పే వరకు కూర్చోవాలి. కాలేజీలో తనను కులం వల్ల వేరుగా చూస్తున్నారని ఒక విద్యార్థి చెబితే, అది అతని ఊహ అని ముందే తీర్మానించుకుని మొదలుపెట్టే కౌన్సెలర్ అతనికి చేసే మేలు ఏమీ లేదు. పరీక్షించడమంటే రెండువైపులా పరీక్షించడమే.

తీవ్రమైన కుంగుబాటులో మందులు కూడా అవసరమవుతాయి. బైపోలార్, స్కిజోఫ్రెనియా వంటి జబ్బుల్లో మందులే ప్రధానం, ఈ చికిత్స వాటికి తోడు మాత్రమే. సైకియాట్రిస్టుతో చెప్పకుండా ఎవరూ మాత్రలు ఆపేయకూడదు.

ఇంత మేలు చేయగల పద్ధతి మనవారికి ఎంతవరకు అందుతోంది అన్నదే నన్ను ఎక్కువగా బాధించే ప్రశ్న. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015–16లో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దల్లో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. ఆ 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ గాని తెలంగాణ గాని లేవు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో మానసిక ఆసుపత్రి పేర్లు అందరికీ తెలుసు, కాని వాటి పేరు ఎత్తితేనే జనం భయపడతారు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో మొదలైనా, ఔట్‌పేషెంట్ వరుసలో రోగికి దొరికే కొద్ది నిమిషాల్లో మాత్రలు రాయడం తప్ప ఇంకేం చేయగలరు? కాగ్నిటివ్ థెరపీకి వారానికి ఒకసారి ముప్పావుగంట చొప్పున 12 నుంచి 16 సార్లు రావాలి. మండలం నుంచి జిల్లా కేంద్రానికి బస్సు ఛార్జీ, ఆ రోజు కూలి, తోడు వచ్చినవారి కూలి పోగొట్టుకుని అన్నిసార్లు రమ్మనడం చెప్పినంత సులువు కాదు. మూడోసారి తరువాత రావడం మానేసినవారిని నేను తప్పుపట్టలేను.

దీనికి దారి లేకపోలేదు, అది మన ఇరుగుపొరుగునే ఉంది. పాకిస్తాన్‌లోని రావల్పిండి గ్రామాల్లో గర్భిణుల, బాలింతల కుంగుబాటుకు సైకియాట్రిస్టు అతీఫ్ రహమాన్ బృందం ఈ పద్ధతినే సులువు చేసి, ఇంటింటికీ తిరిగే మహిళా ఆరోగ్య కార్యకర్తలకు నేర్పింది. వారు డాక్టర్లు కారు, సైకాలజిస్టులూ కారు. మన ఆశా కార్యకర్తల వంటివారు. వారు ఎవరికీ జబ్బు పేరు చెప్పలేదు; బిడ్డ బాగుండాలంటే తల్లి బాగుండాలి అనే మాటతో ఇంట్లోకి అడుగుపెట్టి, బొమ్మలు చూపిస్తూ, ఈ ఆలోచన వస్తే ఏమవుతుంది, ఇంకోలా చూడవచ్చా అని మాట్లాడారు. లాన్సెట్ అనే వైద్య పత్రికలో 2008లో వచ్చిన ఫలితాల ప్రకారం, బిడ్డకు ఆరు నెలలు వచ్చేసరికి ఈ సహాయం పొందిన తల్లుల్లో 23 శాతం మందికి, పొందనివారిలో 53 శాతం మందికి కుంగుబాటు ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ విధానాన్ని 2015లో అందరూ వాడుకోదగ్గ పుస్తకంగా తెచ్చింది. మన దేశంలోనే గోవాలో సంగత్ సంస్థ, సైకియాట్రిస్టు విక్రమ్ పటేల్ తదితరుల నాయకత్వంలో, తీవ్రమైన కుంగుబాటు ఉన్నవారికి ఆరు నుంచి ఎనిమిది కలయికల్లోనే సహాయపడేలా సామాన్యులకు శిక్షణ ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పనిచేయించి, మంచి ఫలితం చూపించింది. అక్కడ ఆలోచనల కంటే పనుల మీద ఎక్కువ దృష్టి పెట్టారు: మానేసిన చిన్నచిన్న పనులను ఒక్కొక్కటిగా మళ్లీ మొదలుపెట్టడం, ఆ రోజు మనసు ఎలా ఉందో రాసుకోవడం. మంచం దిగనివారికి నేనూ ముందు ఇదే చెబుతాను. కాగితం, గడులు తరువాత.

మన రెండు రాష్ట్రాల్లోనూ ఆశా కార్యకర్తలున్నారు, ఏఎన్‌ఎంలున్నారు. వారిలో ఇష్టపడినవారిని ఎంపిక చేసి, ఈ పని నేర్పి, అనుభవమున్న సైకాలజిస్టు క్రమం తప్పకుండా పర్యవేక్షించేలా చేస్తే, కనీసం బాలింతలతో మొదలుపెట్టవచ్చు. అయితే ఇప్పటికే తలకు మించిన పనులు చేస్తున్న ఆశాలపై దీన్ని ఊరికే మోపకూడదు. అదనపు పారితోషికం ఇవ్వకుండా, పర్యవేక్షణ లేకుండా శిక్షణ తరగతి ఒకటి పెట్టి సర్టిఫికెట్లు పంచితే, రావల్పిండిలో వచ్చిన ఫలితం ఇక్కడ రాదు. ఇంగ్లండ్‌లో ప్రభుత్వం 2008 నుంచి ఈ చికిత్సలను పెద్ద ఎత్తున ఉచితంగా అందిస్తూ, ప్రతి కలయికలోనూ రోగి స్థితిని ఒక చిన్న ప్రశ్నావళితో కొలిచి ఫలితాలను బహిరంగంగా ప్రకటిస్తోంది. ప్రజల సొమ్ముతో మొదలుపెట్టే పనికి అటువంటి లెక్క మనమూ అడగాలి.

ప్రైవేటులో మరో ఇబ్బంది ఉంది. వారాంతపు కోర్సు చేసి బోర్డు పెట్టుకున్నవారు ఎక్కువయ్యారు. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే భారతీయ పునరావాస మండలిలో నమోదు ఉండాలి. ఆ నంబరు అడగడానికి తల్లిదండ్రులు మొహమాటపడనక్కర్లేదు. ఎన్ని వారాలు పడుతుంది, ఇంటికి వెళ్లాక చేయవలసిన అభ్యాసం ఏమిటి, మెరుగవుతున్నదీ లేనిదీ ఎలా తెలుస్తుంది అని కూడా అడగండి. ఈ చికిత్సలో సగం పని ఇంటి దగ్గర జరుగుతుంది. ఇంటి పని ఇవ్వకుండా గంటసేపు హితబోధ చేసి పంపితే, దానికి ఏ పేరు పెట్టినా అది కాగ్నిటివ్ థెరపీ కాదు.

తెలుగులో సామగ్రి లేకపోవడం అన్నిటికంటే పెద్ద లోటు. మాకు దొరికే ఫారాలు, అభ్యాస పుస్తకాలు చాలావరకు ఇంగ్లిష్‌లోనే ఉన్నాయి. పిల్లలు ఇంగ్లిష్ మీడియంలో చదువుతారు కనుక ఇబ్బంది లేదని అధికారులు అనుకుంటారు. కాని బాధ కలిగిన క్షణంలో ఆ పిల్లల మనసులో మెదిలేవి ఇంగ్లిష్ మాటలు కావు. ఇంగ్లిష్ ఫారం ఇస్తే వ్యాసంలో రాసినట్టు మర్యాదైన వాక్యం ఒకటి రాస్తారు. తెలుగులో రాయమంటే, 'అమ్మ గాజులు కుదవపెట్టి ఫీజు కట్టింది' అని రాస్తారు. పని అక్కడ మొదలవుతుంది. రెండు రాష్ట్రాల ఇంటర్మీడియట్ బోర్డులూ కలిసిగాని విడిగాగాని ఈ అభ్యాసాన్ని ముప్పై నలభై పేజీల చిన్న పుస్తకంగా తెలుగులో, ఉర్దూలో తయారుచేయించి మొదటి సంవత్సరం విద్యార్థులందరికీ పంచాలి. ఏజెన్సీ ప్రాంతాల గురుకులాలకు కోయ, గోండి, సవర మాట్లాడే ఉపాధ్యాయుల సహాయంతో బొమ్మల పుస్తకాలు రావాలి. ఫలితాల తరువాత కాదు, దసరా సెలవుల లోపే, పిల్లల మనసు కుదురుగా ఉన్నప్పుడే నేర్పాలి. దుఃఖం 90 దగ్గర ఉన్నప్పుడు కొత్త విద్య ఏదీ తలకెక్కదు.

చివరగా మీ పత్రికకు ఒక విన్నపం. ఫలితాల మర్నాడు 'పరీక్ష తప్పానన్న మనస్తాపంతో' అని మొదలయ్యే వార్తలు ప్రతి ఏటా జిల్లా పేజీల్లో కనిపిస్తాయి. ఒక ప్రాణం పోవడానికి వెనుక చాలా కారణాలు ఉంటాయి. ఆ వార్త వాటన్నిటినీ తీసేసి, ఫెయిలైతే జరిగేది ఇదే అన్న తర్కాన్ని అచ్చులో పెడుతుంది. ఆ ఉదయం అదే పేజీని, అదే తర్కంతో రాత్రంతా పెనుగులాడిన మరో పిల్లవాడు చదువుతాడు. ఆత్మహత్యల వార్తలను ప్రముఖంగా వేయకూడదనీ, పద్ధతిని వర్ణించకూడదనీ, సమస్యకు అది పరిష్కారంగా కనిపించేలా రాయకూడదనీ ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2019లోనే మార్గదర్శకాలు ఆమోదించింది. వాటిని మీ జిల్లా విలేకరులందరికీ ఫలితాల ముందు మరొకసారి పంపించండి.

ఆ రోజు మొదటి పేజీలో ఫస్ట్ ర్యాంకర్ల ఫొటోల పక్కనే, అంతే పెద్ద అక్షరాలతో, అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలకు ఫీజు కట్టే ఆఖరు తేదీ, రీకౌంటింగుకూ రీవెరిఫికేషనుకూ దరఖాస్తు చేసే విధానం, తెలుగులో ఇరవైనాలుగు గంటలూ ఉచితంగా మాట్లాడే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను టెలీ మానస్ నంబరు 14416 ప్రచురించమని కోరుతున్నాను. సప్లిమెంటరీలో పాసై ఏడాది నష్టపోకుండా పై చదువుకు వెళ్లిన విద్యార్థులు ప్రతి మండలంలోనూ ఉంటారు. వారు అంగీకరిస్తే, అలాంటి ఇద్దరు ముగ్గురు ఆ వేసవిలో ఏం చేశారో, రోజుకు ఎంతసేపు చదివారో, ఇంట్లో ఎవరు తోడున్నారో వారి మాటల్లోనే వేయండి.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక క్లినికల్ సైకాలజిస్టు,
పల్నాడు జిల్లా